సుగుణ మేడం పోసిన కుప్పలు

మహబూబ్‌నగర్‌లో మేముండే వీధి చివర సాయంత్రం పూట ఒక నూడుల్స్ బండి నిలబడుతుంది. బండాయన పెద్ద పెనం మీద ఉల్లిగడ్డ, క్యాబేజీ వేసి గరిటెలు టకటకలాడిస్తూ కలిపి, చివర్లో ఒక ప్లాస్టిక్ సీసా పిండుతాడు. సుయ్‌మని పొగ లేస్తుంది. వెనిగర్ పులుపు వాసన గుప్పున ముక్కుకు కొడుతుంది. మా పాప ప్లేటు కోసం చెయ్యి చాపుతూ ఉంటుంది, నేను మాత్రం ఆ కాసేపూ నల్లగొండలో ఉంటాను. రెండు కిరాయి గదులు, పొడవాటి బల్ల, దాని మీద వరుసగా ప్లాస్టిక్ కప్పులు, ప్రతి కప్పులో ఏదో ఒక ఊరి నీళ్లు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచే ముందు ప్రతి కప్పులోనూ ఒక ద్రావణం కలపాలి. దానిది అచ్చం ఇదే వాసన. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ వాసన నా జడకు, చున్నీకి పట్టుకునే ఉండేది. బస్సులో పక్క సీటు ఆడవాళ్లు "పచ్చడి పెట్టొస్తున్నవా బిడ్డా?" అని అడిగేవాళ్లు. ఆ వాసన వచ్చిందంటే వెనకే సుగుణ మేడం కూడా వస్తారు. వచ్చి, ఎప్పటిలాగే, మెడ తిప్పకుండా మనిషి మొత్తం తిరిగి నా వైపు చూస్తారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో డిగ్రీ పూర్తి చేశాను. మాది కేతేపల్లి. బాపు వ్యవసాయం. కంప్యూటర్ చదివిన పిల్లకు హైదరాబాదులోనే ఉద్యోగం అని మా ఇంట్లో అందరి నమ్మకం. నాకు మాత్రం ఊరికి దగ్గరలో ఏదైనా దొరికితే చాలనిపించేది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే నీటి పరీక్షల కేంద్రంలో వివరాలు ఎక్కించే మనిషి కావాలంటే వెళ్లాను. లోపల ఒకామె నాకు వీపు చేసి కూర్చుని ఉన్నారు. "నమస్తే మేడం" అన్నాను. ఆమె తల తిప్పలేదు. వినపడలేదేమో అనుకుని మళ్లీ అన్నాను. అప్పుడు ఆమె కూర్చున్న ఆఫీసు తిరుగుడు కుర్చీ మొత్తం గిర్రున తిరిగింది.

"నా మెడ తిరగది బిడ్డా. ఎవలన్న పిలిస్తె కుర్చీ తిరగాల్సిందె. నువ్వు ఎదురుంగొచ్చి నిలబడు, నీ మొకం చూడాలె గదా" అని నోరారా నవ్వారు. పళ్ల మీద గోధుమరంగు చారలు. ఆ పళ్లను దాచుకోవాలన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ వచ్చినట్టు లేదు.

ఆమెది దేవరకొండ వైపు ఒక పల్లె. చిన్నప్పటి నుంచి తాగిన బావినీళ్లే ఆమె మెడను, వెన్నును బిగించేశాయి. మోచేతులు పూర్తిగా చాచుకోవు. చెంబు ఎత్తి నోట్లో నీళ్లు పోసుకోవాలంటే తల వెనక్కి వాలాలి, అది ఆమెకు కుదరదు. అందుకని సంచిలో ఎప్పుడూ ఒక స్ట్రా ఉండేది. కిందికి వంగి చూడలేరు కనుక బల్ల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద మీటరు పెట్టి, తన కళ్ల ఎత్తుకు తెచ్చుకున్నారు. కెమిస్ట్రీలో పీజీ చేసి, హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చాలాకాలం పనిచేసి, కావాలని వెనక్కి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఆమె కంప్యూటర్ వాడే తీరు. మౌస్ పట్టుకోవాలంటే చెయ్యి పక్కకు చాపాలి, అది ఆమెకు నొప్పి. అందుకని దాన్ని ఊడదీసి సొరుగులో పడేశారు. "గా ఎలుకతోని నాకు పనిలేదు" అనేవారు. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఏవేవో ఆజ్ఞలు కొట్టేవారు. మూడేళ్లు కంప్యూటర్ చదివిన నేను అలాంటి తెరను పరీక్ష కోసం తప్ప చూసి ఎరగను. ఇప్పటి కాలంలో దీన్ని ఎవరు వాడతారని మనసులో అనుకున్నాను కూడా.

చేరిన వారానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చూడు స్వరూపా, ఇది మన ఫైలు. ఒక్కొక్క గీత ఒక్కొక్క సీసా. గీతల మొదటి కాలం, అంటె మొదటి నిలువు గడి, ఊరు, తర్వాత వాడ, తర్వాత బోరా బావా, లోతు, తేదీ, ఆఖర్న ఫ్లోరైడ్. ఇగ నేనేం చేస్తున్ననో చూడు." ప్రోగ్రాం పేరు కొట్టారు. దాని పక్కన ఫైలు పేరు, ఎన్నో కాలమో చెప్పే అంకె, ఒక్కో మెట్టు ఎంత వెడల్పు ఉండాలో, అంటే ఎంత తేడా దాకా ఉన్న అంకెలను ఒకే వరుసలో వేయాలో, చెప్పే ఇంకో అంకె. ఎంటర్ నొక్కారు. రెప్పపాటులో తెర మీద ఎడమవైపు అంకెలు, పెద్దవి పైన, చిన్నవి కింద, ఒకదాని కింద ఒకటి దిగాయి. ప్రతి అంకె పక్కనా నక్షత్రం గుర్తులు వరుస కట్టాయి. కొన్ని వరుసలు పొట్టివి, కొన్ని తెర అంచు దాకా పొడుగువి. ఒక్కో నక్షత్రం ఒక్కో సీసా.

"హిస్టోగ్రాం" అన్నాను, చదువుకున్నది గుర్తొచ్చి.

"ఇంగ్లీషుల హిస్టోగ్రాం. బడి పుస్తకంల సోపాన చిత్రం. మనకైతె కుప్పలు. ఒక్క తీరువన్నీ ఒక్క కాడ పోస్తివనుకో, ఏ కుప్ప పెద్దది, ఏది చిన్నది, ఏది అందరికి దూరంగున్నది, కంటికే కనపడ్తది."

ఆ ప్రోగ్రాం ఆమె హైదరాబాదులో పనిచేసిన రోజుల్లో తోటి పరిశోధకుడెవరో రాసిచ్చిందట. దానికి రంగులు లేవు, బొమ్మలు లేవు. పాతబడిన కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి దాన్ని మోసుకుంటూ వచ్చారు. నేను ఒక రోజు రంగురంగుల పటాలు గీసే సాఫ్ట్‌వేర్ తెచ్చి చూపిస్తే ఓపికగా చూశారు. "మంచిగున్నది. పెళ్లిపత్రిక తీరుగున్నది. కానీ నాకు దీంట్లె సీసాలు కనపడ్తలేవు" అన్నారు.

సీసాలు కనపడడం అంటే ఏమిటో నాకు కొద్ది రోజులకే తెలిసింది. నేను చేరకముందు ఎక్కించిన ఒక పాత ఫైలుకు కుప్పలు పోయమన్నారు. పోశాను. అన్నిటికంటే పెద్ద కుప్ప సున్నా దగ్గర పడింది. నాకు సంతోషం వేసింది. "మేడం, ఎక్కువ ఊర్లల్ల ఫ్లోరైడే లేదు!" అన్నాను.

కుర్చీ నా వైపు తిరిగింది. "సున్నా ఫ్లోరైడ్ నీళ్లు ఈ జిల్లాల యాడున్నయి బిడ్డా? ఆకాశంల తప్ప."

మేమిద్దరం ఆ గీతలు వెతికి చూశాం. అవి మీటరు చెడిపోయిన రోజుల్లో వచ్చిన నమూనాలు. కొలవలేదు కనుక ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీని కంప్యూటర్ సున్నా అనుకుంది. "ఖాళీ వేరు, సున్నా వేరు. తెల్వకపోవుడు వేరు, లేకపోవుడు వేరు" అన్నారు మేడం. "గీ పెద్ద కుప్ప చూసి సంబురపడి సర్కారుకు పంపినమనుకో, నీళ్లు మంచిగున్నయని రాసుకుంటరు. గా ఊరోళ్లు తాగుకుంట పోతరు." అలాంటి మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు పెంచరు. చెప్పి, వెంటనే "చాయ్ తాగుదామా?" అంటారు.

మెట్టు వెడల్పు ఎంత పెట్టాలన్నది నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. ఒకసారి పెద్దదిగా పెడితే అన్నీ కలిసి ఒకటే గుట్ట అవుతుంది, చిన్నదిగా పెడితే తెరంతా చెదిరిన చుక్కలే. ఒక మధ్యాహ్నం మేడం సంచిలో బత్తాయిలు తెచ్చారు. నల్లగొండలో ఆ కాలంలో ఎటు చూసినా బత్తాయిలే. కప్పులన్నీ పక్కకు జరిపి, బల్ల మీద సంచి బోర్లించారు. కాయలు దొర్లి నేల మీద పడ్డాయి. నేను ఏరుతుంటే ఆమె నవ్వుతున్నారు.

"రెండే కుప్పలు పొయ్యి" అన్నారు. పోశాను, చిన్నవి, పెద్దవి. "నడిమిట్లవి ఏమైనయి?" నడిమివి అటు కొన్ని, ఇటు కొన్ని పోయాయి. "ఇప్పుడు ఏ కాయ సైజు ఆ కాయకే పొయ్యి." పోస్తే బల్ల నిండా ఒక్కొక్క కాయ, రెండేసి కాయలు. అది కుప్పలు పోసినట్టే లేదు. "ఇగ నీ ఇష్టమొచ్చినట్టు పొయ్యి." ఈసారి అటూ ఇటూ మార్చి మార్చి ఒక ఐదారు కుప్పలు పోశాను. అప్పుడు అర్థమైంది, ఎక్కువ కాయలు మధ్య రకమే, కానీ ఒక మూలన బాగా చిన్నవి కొన్ని విడిగా ఉన్నాయి. "గవి వేరే చెట్టువి" అన్నారు మేడం. "మా అన్న నీళ్లు సరిగ పెట్టని చెట్టు ఒకటున్నది, దానియి. చూసినవా, నేను చెప్పకముందే కుప్ప చెప్పింది. ఒక్కటే వెడల్పు పట్టుకోని కూసోకు. మార్చి మార్చి చూడు. నిజంగ ఉన్నదైతె ఎట్ల పోసినా కనపడ్తది." ఆ తర్వాత ఇద్దరం కూర్చుని పాఠంలో సగం తినేశాం.

ఇక ఆ ఊరి సంగతి చెప్పాలి. మర్రిగూడ అవతల ఉంటుంది. పేరు రాయను. ఆ ప్రాంతం పేరు వినగానే పిల్లల పళ్ల వైపు, నడక వైపు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ ఊళ్లో ఇప్పుడు పెళ్లీడుకు వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు. వానను నమ్ముకుని పత్తి, కంది వేసుకునే ఊరు. ఊరు రెండుగా ఉంటుంది. కుంట పక్కన కింది వాడ, రాళ్ల గడ్డ మీద గట్టు వాడ. ఆ ఏడు ఒక ట్రస్టు వాళ్లు ఫ్లోరైడ్ తీసేసే శుద్ధి యంత్రాలు కొన్ని ఊళ్లకు ఇస్తామన్నారు. ఏ ఊరికి అవసరమో మా కేంద్రం లెక్కలు చూసి నిర్ణయిస్తారు. వాళ్ల నియమం సులువైనదే. ఊళ్లోని నీళ్లన్నింటికీ సగటు తీస్తారు, సగటు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే యంత్రం, దాటకపోతే లేదు.

నమూనాలు తెచ్చే యాదగిరన్న తన బండి మీద ఆ ఊరంతా తిరిగి సీసాలు తెచ్చాడు. మేడం కొలిచారు, నేను ఎక్కించాను. సగటు తీశాను. ఒకటిన్నరకు కొంచెం కింద ఆగింది. జాబితాలో ఆ ఊరి ఎదురుగా "అవసరం లేదు" అని పడింది.

"మేడం, ఆ ఊరు రాలేదు" అన్నాను.

"సగటు సరే. కుప్పలు పోసినవా?"

పోశాను. మామూలు వెడల్పుతో ఒకటే గుట్టలా కనిపించింది. వెడల్పు తగ్గించమన్నారు. తగ్గించాను. గుట్ట మధ్యలో చీలింది. కింద తక్కువ అంకెల దగ్గర ఒక పెద్ద కుప్ప. దాని తర్వాత ఖాళీ గీతలు, ఒక్క నక్షత్రం కూడా లేకుండా. ఆ ఖాళీ దాటాక, ఒకటిన్నరకు చాలా పైన, ఇంకో కుప్ప. ఇంకా తగ్గించి చూశాను, పెంచి చూశాను. ఖాళీ పోలేదు.

మేడం కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకున్నారు. తర్వాత, "గిది ఒక్క ఊరు కాదు బిడ్డా. రెండూళ్లు" అన్నారు. "పై కుప్పల ఉన్నయి ఏ వాడవో చూడు."

వాడ పేరున్న కాలాన్ని పక్కన పెట్టి చూస్తే పై కుప్పలోవన్నీ గట్టు వాడవే. అందులో ఒకటి బడి బోరింగుది.

ట్రస్టు తరఫున హైదరాబాదు నుంచి చక్రధర్ గారు రావాల్సి ఉంది. నాకు ఒక ఉపాయం తోచింది. చాలా మంచి ఉపాయం అనుకున్నాను కూడా. "మేడం, మీరు ఆయనకు మీ సంగతి చెప్పున్రి. చిన్నప్పుడు మీరు తాగిన నీళ్లు, మీ మెడ... ఒక్కసారి చెప్తె ఆయన ఇంక నియమం గియమం అనరు, యంత్రం ఇచ్చిపోతరు."

ఆమె నామీద కోప్పడ్డది అదొక్కసారే. కుర్చీ తిప్పలేదు. గోడ వైపు చూస్తూనే అన్నారు. "నా మెడ చూపిచ్చి నీళ్లు అడుక్కోవాల్నా స్వరూపా? గింత చదువు అందుకేనా చదివింది? లెక్క ఉన్నది. లెక్క చూపిద్దాం."

చక్రధర్ గారు మర్యాదస్తుడు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేదేమో. కాగితాలన్నీ శ్రద్ధగా చూశారు. "నియమం సగటు మీదే ఉందమ్మా. ఒక్క ఊరి కోసం మారిస్తే మిగతా ఊళ్లవాళ్లు అడుగుతారు కదా" అన్నారు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మేడం ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోమన్నారు. ఆజ్ఞ మొత్తం తనే కొట్టి, కీబోర్డు ఆయన ముందు పెట్టారు. "ఎంటర్ మీరే కొట్టున్రి సార్."

ఆయన కొట్టారు. కుప్పలు పడ్డాయి. కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగారు. "మధ్యలో ఈ ఖాళీ ఏమిటి?"

"గా ఖాళీలనే ఉన్నది సార్, మీ సగటు" అన్నారు మేడం. "గా నీళ్లు ఊళ్లె ఎవ్వలు తాగుతలేరు. కింది వాడోళ్లు మంచియి తాగుతున్నరు. గట్టు వాడోళ్లు పాడుయి తాగుతున్నరు. నడిమిట్ల ఉన్న నీళ్లు ఉత్త కాయితం మీదనె ఉన్నయి."

చక్రధర్ గారు కాగితం మీది సగటును, తెర మీది ఖాళీని మార్చి మార్చి చూశారు. చివరికి, "గట్టు వాడవి మళ్లీ ఒకసారి తీయించగలరా? నేనూ వస్తాను. మా వాళ్లకు చెప్పాలంటే నేను కళ్లతో చూసి ఉండాలి" అన్నారు. మేడం ముఖం వెలిగింది. రెండోసారి కొలవమని అడిగే మనుషులంటే ఆమెకు చాలా ఇష్టం.

ఎండాకాలం. జీపులో పొద్దున్నే బయలుదేరాం. గట్టు వాడకు బండి ఎక్కదు, కింద దిగి నడవాలి. మేడం ఒక కర్ర పట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, రాళ్ల మీద అడుగులో అడుగు వేస్తూ ఎక్కారు. ఒక్కో బోరింగు దగ్గర యాదగిరన్న కొడుతుంటే నేను సీసాలు కడిగి నింపాను. చక్రధర్ గారు సీసాల మీద వాడ పేరు, ఇంటి వాళ్ల పేరు తనే రాశారు. పిల్లలు వెంటపడ్డారు. ఆడపిల్లలు నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. మేడం వాళ్లతో నోరు తెరిచి, చారల పళ్లన్నీ కనిపించేలా పెద్దగా నవ్వుతున్నారు. వాళ్లు ఆమె నోటి వైపే ఆశ్చర్యంగా చూశారు. కాసేపటికి ఒక పిల్ల చెయ్యి దించింది.

ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ఎల్లమ్మవ్వ మేడం నడకను చూస్తూనే ఉంది. ఆమె నడుము సగానికి వంగిపోయి ఉంది. దగ్గరికి రాగానే అడిగింది. "నువ్వు ఏ ఊరి పిల్లవు బిడ్డా? మా తీరుగ నడుస్తున్నవ్."

"దేవరకొండ పొంటి అవ్వా" అన్నారు మేడం.

"మీ కాడ గూడ గివే నీళ్లా?"

"గివే అవ్వా. మా అమ్మ గిట్లాంటి బాయి నీళ్లే తాపింది. ఆమెకేం తెల్సు."

"అవు, మాకేం తెల్సు" అంది అవ్వ. "తియ్యగుంటయి గా నీళ్లు."

చక్రధర్ గారు సీసా మీద రాస్తున్నవారల్లా ఆగిపోయారు. అప్పటిదాకా ఏదో ప్రమాదంలో దెబ్బ తగిలి ఆమె అలా నడుస్తున్నారనుకున్నారట. నా పక్కకు వచ్చి మెల్లగా, "మేడం గారికి కూడా ఇదేనా? ఒక్కమాట చెప్పి ఉంటే నేను ఆ రోజే..." అన్నారు. మేడానికి వినపడనే వినపడింది. కర్ర మీద బరువు వేసి, మనిషి మొత్తం తిరిగి ఆయనకు ఎదురుగా నిలబడ్డారు.

"చెప్తె ఏం చేస్తుంటిరి సార్? జాలిపడి గీ ఊరికి ఒక్కటి ఇస్తుంటిరి. నన్ను చూడని ఊర్లకు ఎవలిస్తరు? జాలి ఒక్క ఊరికే సరిపోతది. లెక్కైతె అన్నూర్లకు పనికొస్తది."

ఆయన సీసా మూత బిగించి, తుడిచి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టారు.

రెండోసారి కొలిచినా ఆ కుప్ప అక్కడే పడింది. ఆ వర్షాకాలం లోపల గట్టు వాడ బడి పక్కన యంత్రం వచ్చింది. అంతకంటే మేడాన్ని సంతోషపెట్టిన వార్త వేరే ఉంది. ట్రస్టు వాళ్లు నియమం మార్చారు. ఇక ముందు ఊరి సగటు కాకుండా వాడవాడకూ విడిగా చూస్తామని రాశారు. పాత ఫైళ్లన్నీ మళ్లీ తీసి కుప్పలు పోయమన్నారు. పోస్తే, జాబితాలోంచి జారిపోయిన ఊళ్లు ఇంకొన్ని బయటపడ్డాయి. ఆ పని చేస్తున్నన్ని రోజులూ మేడం బల్ల దగ్గర ఏదో పాట సన్నగా కూనిరాగం తీస్తూనే ఉన్నారు. యంత్రం ప్రారంభానికి పిలిస్తే మాత్రం వేదిక ఎక్కలేదు. పిల్లల వెనక నిలబడి, తన స్ట్రాతో ఒక గ్లాసు నీళ్లు తాగి, "చప్పగున్నయి. మంచిది" అన్నారు.

తర్వాత కొన్నేళ్లకు నది నీళ్లు పైపుల్లో ఇంటింటికీ వచ్చాయి. బోరు నీళ్లు పరీక్ష చేయించేవాళ్లు తగ్గిపోయారు. సంస్థ వాళ్లు మా కేంద్రం మూసేస్తామన్నారు. నాకు ఏడుపొచ్చింది. మేడం ఇటుకల మీది మీటరు దించి డబ్బాలో సర్దుతూ, "పిచ్చిదానా, మన దుకాణం బంద్ అయిందంటె ఊర్లు బాగుపడ్డట్టు గదా. దవాఖాన ఖాళీ అయితె డాక్టరు ఏడుస్తడా?" అన్నారు. ఆ ప్రోగ్రాంను ఒక పెన్‌డ్రైవులో వేసి నా చేతిలో పెట్టారు. "ఎక్కడికి పోయినా అంకెలు ఉంటయి. పో."

నేను మహబూబ్‌నగర్ వచ్చాను. పెళ్లయింది, పాప పుట్టింది. చిన్నపిల్లల ఆరోగ్యం మీద పనిచేసే ఒక సంస్థలో చేరాను. అంగన్‌వాడీల నుంచి వచ్చే పిల్లల బరువుల లెక్కలు చూడడం నా పని. పోయినేడు చలికాలంలో దేవరకొండ వెళ్లి మేడాన్ని చూశాను. అన్నగారింట్లో ఉంటున్నారు. అప్పటికి మంచం దిగడం లేదు. నన్ను మంచం ఎదురుగా కుర్చీ వేసుకోమన్నారు. మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని పళ్లు చూసి "తెల్లగున్నయి" అని మురిసిపోయారు. నా పని గురించి అడిగారు. బరువుల సంగతి చెప్పాను.

"కుప్పలు పోస్తున్నవా?"

"పోస్తున్న మేడం."

"అన్నిటికన్న అడుగుకు ఒంటిగ ఒక్క చుక్క ఉంటది చూడు. గది తీసెయ్యమంటరు అందరు. తియ్యకు. అది తప్పన్న అయితది, మనిషన్న అయితది. ఈడ కూసుంటె ఏదో తెల్వది. పోయి చూడాలె."

ఎండాకాలం రాకముందే ఆమె పోయారు. యాదగిరన్న ఫోన్ చేసి చెప్పాడు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. అన్నగారు నన్ను గుర్తుపట్టి, "నీ పేరు శానసార్లు చెప్పేది" అన్నారు. నాకు ఆమె కోసం గట్టిగా ఏడవాలనిపించింది కానీ ఆ ఇంట్లో ఆమె చుట్టాలంతా నిబ్బరంగా పనులు చేసుకుంటున్నారు. నేనూ లేచి వచ్చినవాళ్లకు చాయ్ పోశాను.

ఆ తర్వాత కొద్దికాలానికే నారాయణపేట వైపు పల్లెల బరువుల ఫైలు ఒకటి వచ్చింది. సగటు బాగానే ఉంది. కుప్పలు పోస్తే అట్టడుగున, అందరికీ దూరంగా, ఒక్క చుక్క. పక్క బల్ల దగ్గరి సహోద్యోగి చూసి, "గది టైపింగ్ తప్పే మేడం. గింత చిన్న బరువు ఉంటదా? తీసెయ్యున్రి, లెక్క మంచిగొస్తది" అన్నాడు. అతను అన్నదీ నిజమే కావచ్చు. అలాంటివాటిలో చాలావరకు తప్పులే. నేను ఆ గీతలో ఉన్న పల్లె పేరు చూసి, మర్నాడు పొద్దున బస్సెక్కాను.

ఇల్లు పల్లె చివర. వాకిట్లో ఒక అవ్వ కందులు చెరుగుతోంది. తల్లిదండ్రులు పనికోసం పట్నం పోయారట. పాపను తన దగ్గరే వదిలి వెళ్లారు. అంగన్‌వాడీ ఆయమ్మ ఇంటికొచ్చి బరువు మాత్రం తూచిపోయిందట, తిండికి పాప అక్కడికి పోవడం లేదు. లోపలి నుంచి పాపను తెచ్చి నా చేతికిచ్చింది. ఎత్తుకున్నాను. అంకె తప్పు కాదు.

"అంగన్‌వాడీకి ఎందుకు తీస్కపోతలేవు అవ్వా?"

"మోకాళ్లు లేస్తలేవు బిడ్డా. గంత దూరం ఎత్తుకోని నడ్వలేను. ఎవల్నన్న అడుగుదామంటె పత్తి కాలం, ఎవల పని వాళ్లది."

ఆ రోజే ఆటో మాట్లాడి ముగ్గురం దవాఖానకు వెళ్లాం. ఆ తర్వాత అంగన్‌వాడీ ఆయమ్మ రోజూ ఇంటికే వచ్చి తిండి పెట్టేలా ఏర్పాటు అయింది. నేను నెలకోసారి ఫోన్ చేసి అడుగుతూ ఉన్నాను.

మొన్న కొత్త ఫైలు వచ్చింది. ప్రోగ్రాం పేరు, ఫైలు పేరు, కాలం అంకె, వెడల్పు కొట్టి ఎంటర్ నొక్కాను. అట్టడుగున ఆ చుక్క లేదు. వెడల్పు మార్చి మార్చి చూశాను. ఎక్కడా ఒంటరి చుక్క లేదు. పిల్లలందరూ ఉన్న కుప్పలో కలిసిపోయింది. ఆ నక్షత్రాల్లో ఆ పాపది ఏదో నేను గుర్తుపట్టలేకపోయాను.